వాయులీనమే వృత్తిగా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో గాత్రం గురించినవే ఎక్కువగా ఉంటాయి. ఈసారి మాత్రం వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు, ఇప్పుడిప్పుడే కచేరీల్లో కూర్చుంటున్న యువతీయువకులు వేరువేరు ఊళ్ల నుంచి ఇంచుమించు ఒకే ఆందోళనతో రాశారు. అందుచేత ఈ సంచికను పూర్తిగా వారికే కేటాయిస్తున్నాను. ప్రశ్నలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాడు. వర్ణాలు మూడు కాలాల్లో వాయిస్తాడు, కృతులు చాలానే వచ్చు, మా ఊళ్లో త్యాగరాజ ఆరాధనకు పక్కవాద్యం కూడా వాయించాడు. ఇంజనీరింగులో చేర్చాలని వాళ్ల నాన్నగారు, వయొలిన్ తప్ప మరేమీ వద్దని వాడు. ఈ విద్యను నమ్ముకుంటే రేపు సంసారం గడుస్తుందా అండీ?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: దాపరికం లేకుండా చెబుతున్నాను: కేవలం కచేరీల పారితోషికంతో ఇల్లు గడవడం మొదటి పదేళ్లలో దాదాపు జరగని పని. అయితే ఇది ఈ కాలంలో కొత్తగా వచ్చిపడిన కష్టం కాదు. ఆంధ్రదేశంలో పేరు పొందిన వయొలిన్ విద్వాంసుల జీవితాలను కాస్త పరిశీలించి చూస్తే, చాలామంది సాధన వెనుక నెలనెలా అందే జీతం ఒకటి కనిపిస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరడానికి వెళ్లారనీ, ఆయన వాయిద్యం విన్న అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, నీకు ఇక్కడ నేర్పేవారెవరు అన్నట్లుగా, ఆయనను అక్కడే ఆచార్యుడిగా నియమించారనీ మనవాళ్లు తరచుగా చెప్పుకుంటారు. ఆ ముచ్చటలో నారాయణదాసుగారి రసికతను అందరూ మెచ్చుకుంటారు గాని, సుమారు 26 ఏళ్ల యువకుడికి ఆ రోజుతో తిండి గురించిన దిగులు తీరి, తర్వాతి సంవత్సరాలను సాధనకు వినియోగించుకునే వీలు కలిగిందన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. 1936లో ఆయన ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. విజయవాడలో అన్నవరపు రామస్వామిగారి సంగతీ అంతే. పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి శిష్యులైన రామస్వామిగారు 1948 నుంచి 1986 వరకు ఆకాశవాణిలో నిలయ విద్వాంసులుగా, అంటే నెలజీతం మీద వాయించే కళాకారులుగా, పనిచేశారు. తొంభై ఏళ్లు దాటిన తర్వాత, 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు ఆ రెండు తలుపులూ పూర్తిగా మూసుకుపోలేదు గాని, బాగా ఇరుకయ్యాయి. నిలయ విద్వాంసుల ఖాళీల ప్రకటన చూడటం అరుదు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో పోస్టులు తక్కువ. కాబట్టి నేటి యువ విద్వాంసుడు పది చోట్ల నుంచి కూర్చుకుని తన జీతాన్ని తానే తయారు చేసుకోవాలి. అందులో పెద్ద వాటా పాఠాలు చెప్పడం నుంచి వస్తుంది, ముఖ్యంగా విదేశాల్లోని మన పిల్లలకు ఇంటర్నెట్ ద్వారా చెప్పే పాఠాల నుంచి. కూచిపూడి, భరతనాట్య ప్రదర్శనలకు వాయించడం, హరికథలకు వాయించడం, రికార్డింగులు ఆ తర్వాత వస్తాయి. సినిమా రికార్డింగుల్లో కీబోర్డు వచ్చి చాలామంది తీగవాద్యకారుల పని తగ్గించిన మాట నిజమే, కానీ పాశ్చాత్య స్వరలిపి చూసి తడుముకోకుండా వాయించగలవారికి ఇప్పటికీ పిలుపు వస్తూనే ఉంటుంది. కర్ణాటక సంగీతం నేర్చిన మన పిల్లల్లో అది చదవగలవారు తక్కువ. మీ అబ్బాయి ఈ సెలవుల్లో ఆ లిపి నేర్చుకోవడం మొదలుపెడితే వృథా పోదు.

ఇక చదువు విషయం. ఇంజనీరింగు చదివి విద్వాంసులైనవారు ఈనాడు వేదికల మీద ఎందరో ఉన్నారు కనుక ఆ డిగ్రీని శత్రువులా చూడనక్కర్లేదు. చూడవలసినది ఊరు. పెద్ద పేరున్న కళాశాల అని ఊరికి దూరంగా ఉన్న వసతిగృహంలో చేర్పిస్తే, నాలుగేళ్లపాటు గురువు ఉండరు, కచేరీలు వినే అవకాశం ఉండదు, పక్క గదిలోవాళ్లు ఊరుకోరు కాబట్టి తెల్లవారుజామున సాధన చేసుకునే వీలూ ఉండదు. పదిహేడు నుంచి ఇరవయ్యొకటి వరకు ఉన్న ఆ వయసులో చేతికి పట్టే పదును తర్వాత పట్టదు. అందుచేత ఒక మెట్టు తక్కువ కళాశాలైనా సరే, చెన్నై, విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు వంటి, గురువు, సభలు (కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలు) రెండూ ఉన్న ఊళ్లో చేర్పించండి. దాంతోపాటు ప్రభుత్వ సంగీత కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా పూర్తి చేయించండి. రేపు ఏ పాఠశాలలోనైనా సంగీత ఉపాధ్యాయుడి ఉద్యోగానికి అడిగేది ఆ కాగితమే. పద్దెనిమిది నుంచి ఇరవయ్యైదేళ్ల లోపు యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే ఉపకారవేతనం ఒకటుంది. దానికి గురువుగారి దగ్గర కనీసం అయిదేళ్లు నేర్చుకుని ఉండాలి. ఆ మొత్తంతో ఇల్లు గడవదు గాని, తీగలకు, ప్రయాణాలకు ఇంట్లో చేయి చాచనక్కర్లేదు.

వాళ్ల నాన్నగారికి నా మాటగా ఒకటి చెప్పండి. అబ్బాయికి ప్రతిభ ఉందా లేదా అని బంధువులను అడగవద్దు, పోటీల్లో వచ్చిన బహుమతులనూ లెక్కపెట్టవద్దు. ఒకసారి వాయించిన గాయకుడు వాడిని రెండోసారి తానే పిలిచాడా అన్నది కనుక్కోండి. పిలుస్తుంటే, ఆ పిలుపులు ఏటేటా పెరుగుతుంటే, వాడి మాట వినవచ్చు.

ప్రశ్న: నా వయసు ఇరవై రెండు. నాలుగేళ్లుగా కచేరీలకు వాయిస్తున్నాను గాని అన్నీ పక్కవాద్యమే. ఆహ్వానపత్రికలో గాయని ఫోటో ఉంటుంది, నా పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పారితోషికం సంగతి చెప్పనే అక్కర్లేదు. మగ గాయకులకు ఆడపిల్ల వయొలిన్ వద్దని ఒక సభ కార్యదర్శి నాతోనే అన్నారు. పక్కవాద్యం మానేసి సోలో కచేరీలే చేయాలని అనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ కోపం న్యాయమైనదేనమ్మా. కానీ ఆ నిర్ణయాన్ని కొన్నేళ్లు వాయిదా వేయమని చెబుతాను.

మన సంగీతంలో వయొలిన్‌కు ఉన్న స్థానం చాలా విచిత్రమైనది. పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల దగ్గర చూసి నేర్చుకుని తెచ్చిన ఈ వాద్యం, గొంతు చేసే ప్రతి పనినీ చేయగలగడం వల్లనే, మనకు తరతరాలుగా ఉన్న వీణను పక్కన పెట్టి మరీ గాత్రం పక్కన పీట వేసుకుంది. అంటే వయొలిన్ ఇక్కడ నిలబడిందే అనుసరించగల శక్తి మీద. గాయని ఆలాపన ముగించగానే ఆమె కంటే తక్కువ సమయంలో, ఆమె తాకిన చోట్లు మరిచిపోకుండా, అదే రాగాన్ని మీ మాటగా చెప్పాలి. మీకు రాని కృతి ఎత్తుకున్నా పల్లవి రెండోసారి వచ్చేసరికి అందుకోవాలి. నెరవులో, అంటే ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా విస్తరించేటప్పుడు, మాట విరగకూడదు. స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) చివర ఆమె వేసిన ముక్తాయింపును, అంటే తాళం లెక్కతో ముగించే స్వరాల వరుసను, ఒక్కసారే విని, లెక్క తప్పకుండా తిరిగి అప్పజెప్పాలి. పైగా మన కచేరీలకు రిహార్సల్ అనేది సాధారణంగా ఉండదు. వేదిక ఎక్కేదాకా ఏ రాగం వస్తుందో తెలియకపోవడమే రివాజు. ఇన్ని గొంతులను, ఇన్ని బాణీలను ఇంత దగ్గరగా కూర్చుని వినే అవకాశం ఏ గురుకులంలోనూ దొరకదు. సోలో వాయించినప్పుడు మీ చేతికి అలవాటైనదే మీరు వాయిస్తారు; పక్కవాద్యంలో ఎదుటివారి ఆలోచన మీ చేతిలోకి వస్తుంది.

ద్వారంవారు తొలి సోలో కచేరీ చేసినది 1938లో, వెల్లూరులో. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు దాటాయి, కళాశాలలో చేరి పంతొమ్మిదేళ్లయింది. ఆ తర్వాత మూడేళ్లకే, 1941లో, మద్రాసు సంగీత అకాడమీ ఆయనను తన పెద్ద బిరుదైన సంగీత కళానిధితో సత్కరించింది. మీ ప్రాంతం నుంచే వెళ్లిన ఆడవారి ఉదాహరణ కావాలంటే ఎ. కన్యాకుమారిగారు ఉన్నారు. విజయనగరంలో ఇవటూరి విజయేశ్వరరావుగారి దగ్గర మొదలుపెట్టి, చెన్నైలో ఎం. చంద్రశేఖరన్‌గారి దగ్గర నేర్చుకుని, గాయని ఎం.ఎల్. వసంతకుమారిగారికి దాదాపు రెండు దశాబ్దాలు పక్కవాద్యం వాయించారు. ఆ అనుభవం మీద సోలోలు చేశారు, వీణ, వయొలిన్, నాదస్వరం కలిపి వాద్యలహరి అన్న పేరుతో కచేరీలు చేశారు, చివరికి 2016లో సంగీత కళానిధి అందుకున్న మొదటి మహిళా వయొలిన్ విద్వాంసురాలయ్యారు. ఆమె ఎదురుచూడవలసి వచ్చిన కాలం ఒక మగ విద్వాంసుడు ఎదురుచూసేదాని కంటే ఎక్కువే అన్న మాటను నేను కాదనను.

ఆ కార్యదర్శి మాట సంగీతానికి సంబంధించినది కాదు, అలవాటుకు సంబంధించినది. దాన్ని వాదించి గెలవడం కష్టం. మీ వయసు గాయకులు, మృదంగ విద్వాంసులు అలాంటి పట్టింపులు లేనివారు చాలామంది ఉన్నారు. వారితో ఒక జట్టుగా పెరగండి. పెద్ద గాయకుడికి పేరు వచ్చిన తర్వాత ఆయన పక్కన చోటు కోసం పోటీ పడటం కంటే, రేపు పెద్దవాడు కాబోయే గాయకుడి పక్కన ఈ రోజు నుంచి కూర్చోవడం మేలు. పారితోషికం, ప్రయాణ ఖర్చు, ఆహ్వానపత్రికలో పేరు వేసే తీరు ఒప్పుకునేటప్పుడే అడగండి. అడిగితే చులకన అవుతామన్న భయం మనవాళ్లకు ఎక్కువ. పక్కవాద్యకారులకు ఇచ్చే మొత్తం విషయంలో సభలు చేస్తున్నది అన్యాయమేననీ, ప్రధాన కళాకారులు తలచుకుంటే అది చాలావరకు సర్దుకుంటుందనీ నా అభిప్రాయం.

మీకు మరొక బలం ఉంది, దాన్ని మీరు బలమని అనుకుని ఉండరు. త్యాగరాజస్వామి సాహిత్యం మీ మాతృభాషలో ఉంది. కమాను (తీగల మీద లాగే విల్లు) ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఒకే లాగులో రెండు మాటలు కలపాలో, ఏ అక్షరం మీద నొక్కు పడితే అర్థం చెడుతుందో భాష రానివారు కంఠస్థం చేసి నేర్చుకోవాలి. మీకు అది సహజంగా రావాలి. వయొలిన్ విద్వాంసులు లాల్గుడి జయరామన్‌గారు తెలుగువారు కాకపోయినా, పాట పాడినట్లే వినిపించాలని పట్టుబట్టి ఎంతటి బాణీని ఏర్పరచారో మీకు తెలుసు. మన ఊళ్లలో మాత్రం తెలుగు పిల్లలే మాటను మధ్యలో విరిచి వాయిస్తున్నారు. ప్రతి కృతినీ ముందు పాడి, తర్వాత వాయించండి.

సోలో ఎప్పటికీ వద్దని కాదు. ఏడాదికి ఒకటి రెండు చేయండి. ఆరాధనోత్సవాల్లో, గుడిలో, తెలిసినవారి ఇంట్లో గంటసేపు చాలు. మాటలు లేని సంగీతంతో శ్రోతను కూర్చోబెట్టడం ఎంత కష్టమో అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: ఈ రోజుల్లో ఆకాశవాణి గ్రేడు ఎందుకు? రేడియో ఎవరు వింటున్నారు?
— ఒక విద్యార్థి, గుంటూరు

సమాధానం: ఎవరు వింటున్నారన్నది వేరే ప్రశ్న. గ్రేడు మాత్రం ఇప్పటికీ మీ వాయిద్యానికి దేశమంతా గుర్తించే యోగ్యతాపత్రం. చాలా సంస్థలు, ప్రభుత్వ శాఖలు పారితోషికాన్ని దాన్ని బట్టే లెక్క కడతాయి. బి, బి హై, ఎ, టాప్ అన్నవి మెట్లు. బి గ్రేడుకు దరఖాస్తు చేసే ముందు, పేరు లేకుండా కేవలం శబ్దంతో మిమ్మల్ని అంచనా వేస్తారని మనసులో పెట్టుకుని, మీ వాయిద్యాన్ని మీరే రికార్డు చేసుకుని వారం తర్వాత వినండి. శ్రుతి ఎక్కడెక్కడ జారుతున్నదో అప్పుడు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సినిమా పాటలు వయొలిన్ మీద వాయించి వీడియోలు పెడుతున్నాను. చూసేవారు బాగానే ఉన్నారు. పెళ్లిళ్లకు కూడా పిలుస్తున్నారు. కానీ సభలవాళ్లు నన్ను శాస్త్రీయ కళాకారుడిగా చూడటం లేదు.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: పెళ్లిళ్లలో వాయించడం చిన్నతనమేమీ కాదు, ఆ డబ్బు గౌరవంగా సంపాదించినదే. కాని మూడు నిమిషాల పాటలో చెవిని ఆకట్టుకునే తీరు వేరు, తోడి రాగాన్ని ఇరవై నిమిషాలు ఆలాపన చేసే ఓపిక వేరు. రెండూ ఒకే చేతిలో ఉండవచ్చు, ఉన్నవారూ ఉన్నారు. అయితే వీడియోలో తప్పు వస్తే మళ్లీ తీస్తాం కనుక తప్పు నుంచి అక్కడికక్కడే తేరుకునే అలవాటు పోతుంది. సభలవారి సందేహానికి మూలం అది. ఏ ఊరి పత్రికా రాయని చిన్న కచేరీల్లో, కొత్తగా పాడుతున్న పిల్లల పక్కన, ఒక సంవత్సరం వాయించండి. అక్కడి మృదంగ విద్వాంసులు మీ గురించి చెప్పే మాట, మీ వీడియోల కంటే ముందుగా కార్యదర్శుల చెవిన పడుతుంది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి పదకొండేళ్లు. బడిలో ఆర్కెస్ట్రాలో పాశ్చాత్య వయొలిన్, ఇంటి దగ్గర ఇంటర్నెట్‌లో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. రెండూ కలిస్తే చేయి చెడుతుందని ఒకరు, మంచిదని ఒకరు అంటున్నారు.
— ఒక తండ్రి, అమెరికా

సమాధానం: రెండూ సాగించవచ్చు, కాని రెండింటినీ ఒకే వాద్యం మీద సాగించకండి. తేడా ఎక్కడుందో తెలిస్తే కారణం మీకే అర్థమవుతుంది. బడిలో అమ్మాయి నిలబడో, కుర్చీలో కూర్చునో, గడ్డం కింద వాద్యాన్ని బిగించి పట్టుకుంటుంది. మన పద్ధతిలో బాసింపట్టు వేసి కూర్చుని, వాద్యం తలను కుడి పాదం చీలమండ దగ్గర ఆనించి, రెండో కొసను ఛాతీకి ఆనిస్తాం. ఇలా పెట్టడం వల్ల ఎడమ చేతికి బరువు మోసే పని తప్పిపోయి, తీగ మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారుతుంది. ఆ జారుడు లేకపోతే మన గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదు. అక్కడ నాలుగు తీగలు నాలుగు వేరు స్వరాలకు ఉంటాయి. మన దగ్గర అవి రెండు స్వరాలకే, షడ్జమ పంచమాలకే (సపసప). అక్కడ ప్రతి స్వరానికీ వేలు ఉండే చోటు స్థిరం. ఇక్కడ తోడిలోని గాంధారం ఒక చోట నిలవదు.

కమాను పట్టు మాత్రం రెండింటిలోనూ దగ్గరగానే ఉంటుంది. పాశ్చాత్య శిక్షణలో కమానును నిండుగా, ఒత్తిడి సమంగా లాగడం బాగా నేర్పుతారు. మన పిల్లల్లో చాలామందికి లోపించేది అదే. ద్వారంవారి నాదానికి అంత పేరు రావడానికి కమాను మీద ఆయనకున్న అధికారం ఒక ముఖ్య కారణం. ఆయన పాశ్చాత్య విద్వాంసుల రికార్డులను శ్రద్ధగా విన్నవారు కూడా. అందుకని బడి పాఠాన్ని మాన్పించవద్దు. ఇంటర్నెట్ పాఠంలో గురువుకు కనిపించనిది కూర్చునే తీరు, భుజం బిగువు. ఏడాదికి ఒకసారైనా ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించండి. మీ దేశంలోనే క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతున్నది, భారతదేశం నుంచి పెద్ద విద్వాంసులు వస్తారు. పోటీలో బహుమతి కోసం కాకపోయినా, అక్కడ కూర్చుని వినడం కోసం తీసుకువెళ్లండి. పెద్దయ్యాక ఏది వృత్తి అవుతుందన్న ప్రశ్నను పదకొండేళ్ల పిల్ల ముందు పెట్టవద్దని నా మనవి.

ప్రశ్న: ఒక గాయకుడికి ఒకటో శ్రుతి, మరునాడు ఒక గాయనికి ఐదున్నర శ్రుతి. ఒకే వయొలిన్‌ను దించి, ఎక్కించి వాయిస్తుంటే తీగలు తెగుతున్నాయి, నాదం కూడా పోతోంది. ఏం చేయాలి?
— ఒక యువ విద్వాంసుడు, తిరుపతి

సమాధానం: ఒకటో శ్రుతి కింది స్థాయి, ఐదున్నర బాగా పై స్థాయి; వాద్యం అంత తేడాను ఒకే జత తీగలతో భరించదు. కింది శ్రుతికి దించినప్పుడు తీగలు వదులై నాదం బొంగురుపోతుంది. పైకి బిగించినప్పుడు సన్నపడి, గీరుకున్నట్లు పలికి, చివరికి తెగుతుంది. పురుషుల శ్రుతికి కొంచెం లావు తీగలు, స్త్రీల శ్రుతికి మామూలు తీగలు వేసి రెండు వయొలిన్లు పెట్టుకోవడం ఒక్కటే మార్గం. ఇది వృత్తికి తప్పనిసరి ఖర్చని మొదటి నుంచీ లెక్కలో వేసుకోండి. రెండో వాద్యం ఖరీదైనది కానక్కర్లేదు. పాతదైనా, మెడ వంగకుండా, బ్రిడ్జి నిలువుగా, లోపలి సౌండ్‌పోస్ట్ (చిన్న కొయ్యపుల్ల) కదలకుండా ఉంటే మంచి పనివాడి చేతిలో బాగానే పలుకుతుంది. కొనే ముందు దుకాణంలో పాశ్చాత్య శ్రుతిలో వాయించి చూసి మోసపోవద్దు. మీకు కావలసిన శ్రుతికి దించి, అరగంట ఆగి, మంద్రస్థాయిలో నిదానంగా లాగి వినండి.

కొత్త తీగలు సాగడం మానేందుకు కొన్ని రోజులు పడుతుంది కనుక కచేరీ రోజు ఉదయం తీగలు మార్చకండి. పిలుపు వచ్చినప్పుడే గాయకుల శ్రుతి ఎంతో అడగండి. ఒకటో, ఒకటిన్నరో తేల్చుకుని చెప్పమనండి. కొందరు వేదిక మీద కూర్చున్నాక గొంతు బాగోలేదని అర శ్రుతి తగ్గిస్తారు. దానికి సిద్ధంగా నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే మరలు) బిగించుకుని, సంచిలో ఒక జత తీగలు, కమానుకు రాసే రోజిన్ బిళ్ల ఎప్పుడూ ఉంచుకోండి.